ఊపిరితిత్తుల మార్పిడి: ఏ రోగిని, ఏ దశలో పంపాలి?

ప్రశ్న (జనరల్ ఫిజీషియన్)

నమస్కారం. నేను జనరల్ ఫిజీషియన్‌ని. అవయవ మార్పిడి జరిగే ఆసుపత్రిలో పనిచేసిన అనుభవం నాకు లేదు. దీర్ఘకాలిక శ్వాస వ్యాధులతో నా వద్ద చికిత్స పొందుతున్న ఇద్దరు రోగుల విషయంలో ఒక నిర్ణయానికి రాలేకపోతున్నాను. వారెవరో తెలియకుండా, నిర్ణయానికి అవసరమైన వివరాలు మాత్రమే ఇస్తున్నాను.

మొదటి రోగి వయసు 63. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగు భాగాల్లో తేనెపట్టు గదుల వంటి మార్పులు స్పష్టంగా ఉన్నందున ఐపీఎఫ్ (కారణం తెలియకుండా ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడే ఫైబ్రోసిస్ జబ్బు) అని నిర్ధారించి, ఆ వేగాన్ని తగ్గించే నింటెడానిబ్ ఇస్తున్నాం. ఏడాది క్రితం 77 శాతంగా ఉన్న ఎఫ్‌వీసీ (నిండుగా పీల్చి గట్టిగా ఊదినప్పుడు బయటికి వచ్చే మొత్తం గాలి) ఇప్పుడు 68కి వచ్చింది. డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి వాయువు రక్తంలోకి చేరే సామర్థ్యం) 38 శాతం. కూర్చుని ఉన్నప్పుడు ఆక్సిజన్ 95 చూపిస్తుంది, ఆరు నిమిషాల నడక పరీక్షలో 86కి పడిపోతుంది. అయినా మనిషి ఉత్సాహంగానే ఉన్నారు, తన పనులన్నీ తానే చేసుకుంటున్నారు. ఆయన దగ్గర మార్పిడి మాట ఎత్తడానికే నాకు నోరు రావడం లేదు. జీఎఫ్‌ఆర్ (మూత్రపిండాల వడపోత వేగం) 54 ఉండటం మరో సందేహం.

రెండో రోగి వయసు 58, జబ్బు సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై గాలి ఆడని దీర్ఘకాలిక జబ్బు). ఎఫ్‌ఈవీ1 (గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి) 24 శాతం మాత్రమే. చదునైన నేల మీద వంద మీటర్లు నడిస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. ఆరు నిమిషాల్లో 260 మీటర్లు నడిచారు. బీఎంఐ 24. సిగరెట్లు మానేసి నాలుగు నెలలయింది. చూడగానే ఈయన పరిస్థితే విషమంగా కనిపిస్తుంది. అయితే గత మూడేళ్ల రిపోర్టులు తిరగేస్తే అంకెల్లో పెద్ద తేడా లేదు.

మార్పిడి కేంద్రానికి వీరిలో ముందుగా ఎవరిని పంపాలి? ఇప్పుడే పంపితే ‘ఇంకా సమయం ఉంది’ అని తిప్పి పంపుతారేమో, ఆగితే చేయి దాటిపోతుందేమో అన్న సందిగ్ధంలో ఉన్నాను. ఏయే కారణాలు ఉంటే రోగిని పంపడమే వృథా అనుకోవచ్చో కూడా అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1 (మార్పిడి విభాగంలో పనిచేసే పల్మనాలజిస్ట్)

డాక్టర్ గారూ, రెండో రోగి గురించి మీరు రాసిన చివరి వాక్యమే ఈ ప్రశ్నకు తాళంచెవి. మూడేళ్లుగా అంకెలు కదలలేదన్నారు. మొదటి రోగికి ఒక్క ఏడాదిలోనే ఎఫ్‌వీసీ తొమ్మిది పాయింట్లు, అంటే ఉన్నదానిలో పదో వంతుకు పైగా తగ్గింది. ఈ రోజు ఎవరికి ఎక్కువ ఆయాసంగా ఉందన్న దానికంటే, రాబోయే రెండేళ్లలో ఎవరి ప్రాణానికి ఎక్కువ ముప్పు ఉందన్నదే మార్పిడికి ప్రాతిపదిక. కాబట్టి ముందుగా పంపవలసింది ఉత్సాహంగా కనిపిస్తున్న ఆ 63 ఏళ్ల రోగినే. అదీ మరో స్పైరోమెట్రీ (ఊదే పరీక్ష) కోసం ఎదురు చూడకుండా పంపాలి.

అంతర్జాతీయ గుండె, ఊపిరితిత్తుల మార్పిడి సంఘం 2021లో వెలువరించిన ఏకాభిప్రాయ పత్రం మేమంతా అనుసరించేది. అందులోని మూల సూత్రానికి రెండు వైపులున్నాయి. మార్పిడి చేయకపోతే ఊపిరితిత్తుల వ్యాధి వల్ల రెండేళ్లలోపు మరణించే ప్రమాదం 50 శాతానికి మించి ఉండాలి. కొత్త ఊపిరితిత్తులు సవ్యంగా పనిచేస్తే, తక్కిన శరీర ఆరోగ్యం దృష్ట్యా ఐదేళ్లు జీవించే అవకాశం 80 శాతానికి మించి ఉండాలి. అంటే చికిత్స లేకుండా బతకలేనంత జబ్బు, చికిత్సను తట్టుకోగలిగినంత బలం ఒకే మనిషిలో ఒకే సమయంలో ఉండాలి. ఆ రెండూ కలిసి ఉండే కాలం కొందరిలో కొన్నేళ్లు సాగుతుంది, ఐపీఎఫ్ వంటి వ్యాధుల్లో కొన్ని నెలలే ఉండవచ్చు. చికిత్స లేని ఐపీఎఫ్‌లో నిర్ధారణ తర్వాత సగటు ఆయుర్దాయం మూడు నుంచి ఐదేళ్లని మీకు తెలిసిందే. అందులోనూ ఒక్కసారిగా తీవ్రమయ్యే దశ ఎప్పుడు వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

ఇక మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న ‘తొందరపడటం’ గురించి. మార్పిడి కేంద్రానికి పంపడం, నిరీక్షణ జాబితాలో పేరు చేర్చడం వేర్వేరు ఘట్టాలు. ఐపీఎఫ్‌కు సరిపోయే చిత్రం సీటీలో కనిపించిన నాడే, ఎఫ్‌వీసీ ఎంత ఉన్నా సరే, రోగిని ఒకసారి పంపమని 2021 పత్రం చెబుతోంది. ఇతర రకాల ఫైబ్రోసిస్‌లో ఎఫ్‌వీసీ 80 శాతం కన్నా, లేదా డీఎల్‌సీఓ 40 శాతం కన్నా తగ్గితే పంపాలి. జాబితాలో చేర్చడానికి పరిశీలించేవి వేరు: ఆరు నెలల్లో ఎఫ్‌వీసీ గాని డీఎల్‌సీఓ గాని పది పాయింట్లకు మించి పడిపోవడం, నడకలో ఆక్సిజన్ 88 కంటే దిగజారడం, ఆరు నెలల్లో నడక దూరం 50 మీటర్లకు మించి తగ్గడం, పల్మనరీ హైపర్‌టెన్షన్ (ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అధిక ఒత్తిడి) మొదలవడం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం వల్లనో జబ్బు తీవ్రమవడం వల్లనో ఆసుపత్రి పాలవడం. మీ రోగికి 86 అన్నారు. అంటే ఆయన మొదటి గీతను ఎప్పుడో దాటి రెండో గీత మీద నిలబడి ఉన్నారు. వచ్చిన వెంటనే మేము జాబితాలో పెట్టకపోవచ్చు. అయినా పరీక్షలన్నీ పూర్తిచేసి, లోపాలు సరిదిద్ది ఉంచితే, జబ్బు ముదిరిన రోజున మొదటి పేజీ నుంచి మొదలుపెట్టవలసిన అవసరం ఉండదు.

‘ముందే పంపితే తిప్పి పంపుతారు’ అన్న భయానికి పాత కారణం ఒకటి ఉంది. అమెరికాలో 2005 వరకు దాత ఊపిరితిత్తులను ప్రధానంగా జాబితాలో ఎంతకాలంగా ఉన్నారన్న లెక్కన కేటాయించేవారు. దానితో వరుసలో ముందుండేందుకు అంతగా అవసరం లేనివారినీ చేర్పించేవారు, వేగంగా ముదిరే ఫైబ్రోసిస్ రోగులు వంతు రాకముందే మరణించేవారు. ఆ సంవత్సరం నుంచి అత్యవసరతను, మార్పిడి తర్వాత జీవించే అవకాశాన్ని కలిపి లెక్కించే స్కోరు తెచ్చారు. 2023లో దాని స్థానంలో మరింత విస్తృతమైన మరో స్కోరు వచ్చింది. కేటాయింపు పద్ధతి దేశానికొక రకంగా ఉన్నా, వరుసలో చోటు కోసం పేరు రాయించే ఆలోచన చాలాచోట్ల పోయింది. కాబట్టి పరిశీలన కోసం ముందుగా పంపితే ఎవరికీ అన్యాయం జరగదు.

రెండో రోగికి బోడ్ సూచిక (బీఎంఐ, ఎఫ్‌ఈవీ1, ఆయాసం, నడక దూరం కలిపి సీఓపీడీ ముప్పును చెప్పే స్కోరు) లెక్కగడదాం. ఎఫ్‌ఈవీ1 35 శాతానికి తక్కువ కనుక 3 పాయింట్లు, మీరు చెప్పిన స్థాయి ఆయాసానికి 2, నడక 250 నుంచి 349 మీటర్ల మధ్య ఉంది కనుక 1, బీఎంఐ 21 కంటే ఎక్కువ కనుక సున్నా. మొత్తం పదికి 6. సీఓపీడీలో 5 లేదా 6 వచ్చి, దానికి తోడు ఎఫ్‌ఈవీ1 20 నుంచి 25 శాతం మధ్య ఉండటం వంటి మరో ప్రమాద సూచన ఉంటే కేంద్రానికి పంపాలి. 7 గాని అంతకు మించి గాని వస్తే జాబితా గురించి ఆలోచించాలి. అందువల్ల ఈయననూ పంపవలసిందే, అయితే ఆ ప్రయాణం నిదానంగా సాగినా నష్టం లేదు. ఎఫ్‌ఈవీ1 పాతిక శాతంతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చే సీఓపీడీ రోగులు ఎందరో ఉన్నారు. పైగా మార్పిడికి పరిశీలించే రోగులు సాధారణ సీఓపీడీ రోగుల కన్నా చిన్నవారు, ఇతర జబ్బులు తక్కువ ఉన్నవారు కావడంతో, బోడ్ సూచిక చూపే ముప్పు వారి విషయంలో కాస్త అతిగా ఉంటుందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో, తీవ్రమైన ఉధృతులతో ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరారో మీరు రాయలేదు. నా అంచనాను మార్చగలిగేవి ఆ రెండే. ఎంఫిసెమా (ఊపిరితిత్తుల్లోని గాలి గదులు దెబ్బతినడం) ప్రధానంగా ఉంటే, వాల్వులతోనో శస్త్రచికిత్సతోనో ఊపిరితిత్తి పరిమాణం తగ్గించే మార్గం ఉందేమో కూడా చూడాలి.

జీఎఫ్‌ఆర్ 54 అడ్డంకి కాదు, హెచ్చరిక. 40 కంటే తగ్గితే ఊపిరితిత్తులు మాత్రమే మార్చడం తగదని 2021 పత్రం అంటుంది. కారణం సరళం: మార్పిడి తర్వాత జీవితాంతం వాడవలసిన టాక్రోలిమస్ (కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఆపే మందు) మూత్రపిండాలను మెల్లగా దెబ్బతీస్తుంది. ఇప్పటి నుంచే రక్తపోటు అదుపులో ఉంచండి, నొప్పి మాత్రల జోలికి పోనివ్వకండి.

జవాబు 2 (థొరాసిక్ సర్జన్)

పైన చెప్పినదంతా నాకు సమ్మతమే. ఎంపిక ఎంత ప్రధానమో చెప్పడానికి మా రంగం చరిత్ర చాలు. 1963 జూన్ 11న మిసిసిపీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హార్డీ తొలిసారిగా మనిషికి ఊపిరితిత్తి మార్పిడి చేశారు. ఆ రోగికి ఊపిరితిత్తి క్యాన్సర్ ఉంది, మూత్రపిండాలు అంతకుముందే దెబ్బతిని ఉన్నాయి. కొత్త ఊపిరితిత్తి పనిచేసింది, రోగి మాత్రం 18 రోజులకే మరణించారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ప్రపంచంలో ఎక్కడ ప్రయత్నించినా దీర్ఘకాలం బతికినవారు లేరు. 1983లో టొరంటోలో జోయెల్ కూపర్ బృందం సాధించిన తొలి విజయంలో సైక్లోస్పోరిన్ (తిరస్కరణను ఆపే మందు) పాత్ర ఎంత ఉందో, రోగి ఎంపిక పాత్ర కూడా అంతే ఉందని నా అభిప్రాయం. వారు ఎంచుకున్నది ఫైబ్రోసిస్ రోగిని. ఫైబ్రోసిస్‌లో ఒక ఊపిరితిత్తే మార్చినా, మిగిలిన పాతది గట్టిపడి ఉంటుంది కనుక గాలి, రక్తం రెండూ కొత్తదాని వైపే మొగ్గుతాయి. ఆయన ఆరేళ్లకు పైగా జీవించారు.

ఆపరేషన్ వైపు నుంచి మేము చూసేవి కొన్ని మీకు కొత్తగా అనిపించవచ్చు. గుండె రక్తనాళాలకు యాంజియోగ్రామ్, గుండె కుడి భాగానికి కాథెటర్ పరీక్ష తప్పనిసరి. ఫైబ్రోసిస్‌లో పల్మనరీ ధమని ఒత్తిడిని ఎకో ఒక్కదానితో నమ్మలేం. అన్నవాహిక కదలికలను, ఆమ్లం పైకి ఎగదన్నడాన్ని కొలుస్తాం, ఎందుకంటే కడుపులోని ద్రవం కొత్త ఊపిరితిత్తుల్లోకి జారితే అవి త్వరగా పాడవుతాయి. స్క్లెరోడెర్మా (చర్మంతో పాటు అన్నవాహిక వంటివీ గట్టిపడే జబ్బు) రోగుల విషయంలో చర్చంతా తరచుగా దీని చుట్టూనే తిరుగుతుంది. గతంలో ప్లూరోడెసిస్ (ఊపిరితిత్తిని ఛాతీ గోడకు అతికించే చికిత్స) చేసి ఉంటే పొరలు అతుక్కుపోయి రక్తస్రావం పెరుగుతుంది, కానీ ఆ ఒక్క కారణంతో ఎవరినీ కాదనం. సిస్టిక్ ఫైబ్రోసిస్, బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాల్లో పదే పదే చీము పట్టే జబ్బులు) ఉన్నవారికి రెండు ఊపిరితిత్తులూ మార్చక తప్పదు. చీము పట్టిన పాత ఊపిరితిత్తిని కొత్తదాని పక్కన వదలలేం.

రోగిని పంపే వైద్యులకు ఒక విన్నపం. చాలా అవసరమైతే తప్ప రక్తం ఎక్కించకండి. రక్తమార్పిడి వల్ల, మహిళల్లో గర్భధారణ వల్ల కూడా, ఇతరుల కణజాలానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి. అవి పెరిగిన కొద్దీ సరిపడే దాత దొరకడం కష్టమవుతుంది. దానికి తోడు ఫైబ్రోసిస్ రోగుల ఛాతీ కుంచించుకుపోయి ఉంటుంది కనుక పెద్ద ఊపిరితిత్తులు పట్టవు. పొట్టిగా ఉండి, యాంటీబాడీలు ఎక్కువగా ఉన్న మహిళ జాబితాలో చాలాకాలం వేచి ఉండవలసి రావచ్చు. అటువంటి రోగిని ఇంకా ముందుగా పంపాలి.

వయసు విషయంలో నేను కొంచెం పట్టుదల మనిషిని. 65 నుంచి 70 ఏళ్ల మధ్యవారిని ప్రమాదం ఉన్నవారిగా, 70 దాటినవారిని గణనీయమైన ప్రమాదం ఉన్నవారిగా 2021 పత్రం పరిగణిస్తుంది గాని, వయసును ఒక్కదాన్నే నిషేధంగా చెప్పదు. 71 ఏళ్ల మనిషి చక్కగా కోలుకున్న ఉదాహరణ చూపించవచ్చు. కానీ ఆ వయసులో దీర్ఘకాలిక ఫలితాలు తగ్గుతాయన్నది కాదనలేని నిజం. దాత అవయవం ఒకటే ఉన్నప్పుడు ఆ సంగతి మనసులో పెట్టుకోకుండా ఉండలేను.

జవాబు 3 (పల్మనాలజిస్ట్, మళ్లీ)

సర్జన్ గారి మాటకు చిన్న సవరణ. 72 ఏళ్లకు గట్టిగా ఉన్నవారినీ, 55 ఏళ్లకే కుర్చీలోంచి లేవలేనివారినీ మేమందరం చూస్తూనే ఉన్నాం. వయసును లెక్కలోకి తీసుకోవడం వేరు, ఫోన్‌లో వయసు వినగానే ‘వద్దు’ అనడం వేరు. ఆ ‘వద్దు’ చెప్పే పని మార్పిడి బృందం రోగిని చూశాకే చేయాలి. రోగిని పంపే వైద్యులు దాన్ని తమ నెత్తిన వేసుకోకూడదు.

డాక్టర్ గారు అడిగిన ‘పంపడమే వృథా’ అన్న పరిస్థితులకు వస్తే, నిజంగా తలుపులు మూసేవి తక్కువే. తిరగబెట్టే అవకాశం ఎక్కువగా ఉన్న క్యాన్సర్, పోర్టల్ హైపర్‌టెన్షన్‌తో (కాలేయానికి వెళ్లే సిరలో అధిక ఒత్తిడితో) కూడిన లివర్ సిరోసిస్, క్రమంగా ముదిరే మతిమరుపు వ్యాధి, పునరావాసంతో కూడా కోలుకునే ఆశ లేనంతటి శారీరక క్షీణత, అన్నిటికీ మించి రోగికే ఇష్టం లేకపోవడం ఆ కోవలోకి వస్తాయి. (ఈ చివరిది రాతల్లో మొదట ఉంటుంది, ఆచరణలో చివర అడుగుతారు.) సిరోసిస్ ఉన్నవారికి కొన్ని కేంద్రాల్లో కాలేయం కూడా కలిపి మార్చే అవకాశం ఉంటుంది.

మిగిలిన వాటిలో చాలా భాగం ‘ఇప్పుడు కాదు’ అన్న అడ్డంకులే. చురుగ్గా ఉన్న క్షయ అడ్డంకి. చికిత్స పూర్తయితే కాదు. గుండెపోటు గాని పక్షవాతం గాని వచ్చి 30 రోజులు కాకపోతే ఆగాలి. హెచ్‌ఐవీ ఉన్నవారిలో రక్తంలో వైరస్ కనబడుతుంటే వీలుకాదు, మందులతో కనబడనంతగా అణిగి ఉంటే పరిశీలిస్తారు. హెపటైటిస్ సీ ఇప్పుడు నయమయ్యే జబ్బు. బీఎంఐ 35 దాటినా, 16 కంటే తగ్గినా ప్రమాదం బాగా ఎక్కువ, అయితే బరువు మార్చుకోగలిగినదే. బర్కోల్డేరియా సెనోసెపేసియా, మైకోబాక్టీరియం అబ్సెసస్ వంటి మొండి సూక్ష్మజీవులు ఉన్నవారిని అనుభవం ఉన్న కొన్ని కేంద్రాలే తీసుకుంటాయి. ఒక కేంద్రం కాదన్నంత మాత్రాన మరొకటి కూడా కాదంటుందని అనుకోనక్కరలేదు.

జవాబు 4 (శ్వాసకోశ పునరావాస ఫిజియోథెరపిస్ట్)

సీఓపీడీ రోగి గురించి నాదొక మాట. 260 మీటర్లు నడిచారన్నారు. ఆ పరీక్ష చేసేటప్పుడు ఆక్సిజన్ అవసరమైనంత ఇచ్చారా, రోగి కాళ్లనొప్పితో ఆగారా, ఆయాసంతో ఆగారా అన్నది కూడా రాసి ఉంచితే మాకు ఎంతో ఉపయోగం. ఇద్దరికీ అదే 260 వచ్చినా, తొడ కండరాలు కరిగిపోయి ఆగిన మనిషి వేరు, ఊపిరి అందక ఆగిన మనిషి వేరు. కండరాల వల్ల ఆగినవారిని మేము బాగు చేయగలం.

బలహీనతను కొలవడానికి మా విభాగంలో మూడు చిన్న పరీక్షలు కలిపి చేస్తాం: పాదాలను రకరకాలుగా ఉంచి పడిపోకుండా నిలబడటం, నాలుగు మీటర్లు మామూలుగా నడవడానికి పట్టే సమయం, చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం. మొత్తం పన్నెండు పాయింట్లు. ఏడు, అంతకు తక్కువ వస్తే ఆ మనిషి బలహీనంగా ఉన్నట్టు లెక్క. అలాంటివారు జాబితాలో ఉండగానే మరణించడమో, జాబితా నుంచి తొలగించబడటమో ఎక్కువ. ఈ మూడింటిలో కుర్చీ పరీక్షే ఎక్కువగా నిజం చెబుతుంది. మూడోసారికి చేతులు తెలియకుండానే కుర్చీ అంచును వెతుక్కుంటాయి. ఈ పరీక్షకు యంత్రాలు అక్కరలేదు, మీ ఓపీ గదిలోనే చేయవచ్చు.

రోగులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘బాగా నడిస్తే నన్ను జాబితాలో వెనక్కి నెడతారా?’ ఈ అనుమానంతో వ్యాయామం ఎగ్గొట్టేవారూ ఉన్నారు. ఫైబ్రోసిస్‌లో ముప్పును ప్రధానంగా చెప్పేవి ఎఫ్‌వీసీ, ఆక్సిజన్ అవసరం, జబ్బు వేగం. కాళ్లకు బలం వచ్చినంత మాత్రాన అవి మారవు, ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్ నుంచి బయటపడే అవకాశం మాత్రం మెరుగవుతుంది. సీఓపీడీలో సంగతి కొంచెం భిన్నం. మీ రోగి పునరావాసం తర్వాత 350 మీటర్లు నడిస్తే బోడ్ సూచిక ఆరు నుంచి ఐదుకు దిగుతుంది, ఆయాసం ఒక మెట్టు తగ్గితే నాలుగుకు కూడా రావచ్చు. అప్పుడు మార్పిడి వాయిదా పడుతుంది, నిజమే. ఇంత పెద్ద ఆపరేషన్ ఇప్పుడే అక్కరలేకుండా పోవడం ఆయనకు లాభమే కదా.

జవాబు 5 (ప్రశ్న అడిగిన వైద్యుడు)

అందరికీ కృతజ్ఞతలు. ఐపీఎఫ్ రోగిని ఈ వారమే పంపుతాను. అయితే ఆయన సిద్ధంగా ఉంటారో లేదో అన్న సందేహం పోలేదు. పైగా రెండు నెలల క్రితం ఆయన నింటెడానిబ్ కొంతకాలం మానేశారు, ఫైలులో ఆ సంగతి రాసి ఉంది. మందులు సక్రమంగా వాడని రోగి అని కేంద్రంవారు పక్కన పెట్టరా? సీఓపీడీ రోగి నాలుగు నెలలుగా పొగతాగడం లేదని అంటున్నారు, అది సరిపోతుందా?

జవాబు 6 (అవయవ మార్పిడి సమన్వయకర్త)

నమస్కారం డాక్టర్ గారూ. మానేశారన్నది రాశారు, ఎందుకు మానేశారో అడిగారా? నింటెడానిబ్ వాడేవారిలో విరేచనాలు చాలా సాధారణం. రోజుకు ఆరుసార్లు బాత్రూముకు పరుగెత్తిన మనిషి నాలుగు రోజులు మాత్ర ఆపి, ఆ సంగతి డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడి ఉండవచ్చు. అటువంటి మనిషి ఫైలులో ‘మందులు సరిగా వాడరు’ అన్న ఒక్క వాక్యం పడితే, అది ప్రతి ఆసుపత్రికీ ఆయన వెంట నడుస్తుంది. మేము చూసేది, కారణం తెలిసి సరిదిద్దిన తర్వాత కూడా పదే పదే అలాగే జరుగుతోందా అని. దయచేసి కారణం కూడా రాసి పంపండి.

ఈ విషయంలో ఎందుకంత పట్టింపు అంటే, మార్పిడి తర్వాత జీవితం అటువంటిది. టాక్రోలిమస్ ప్రతిరోజూ నిర్ణీత వేళలకే వేసుకోవాలి, రక్తంలో దాని మోతాదును పదే పదే చూడాలి, ఇంట్లో స్పైరోమీటర్‌తో ఊది అంకెలు రాసుకోవాలి, చిన్న జ్వరం వచ్చినా దాచకుండా ఫోను చేయాలి, మొదటి ఏడాదిలో బ్రాంకోస్కోపీలకు (గొట్టంతో శ్వాసనాళాల లోపల చూసే పరీక్షలకు) పలుమార్లు రావాలి. అందుకే తోడుండే మనిషి ఎవరని అడుగుతాం. ఇక్కడ నాకు కొందరు వైద్యులతో పేచీ ఉంది. ‘ఒంటరి మనిషి, ఎవరూ లేరు’ అని రోగిని అసలు పంపనే పంపరు. అన్నదమ్ములు, స్నేహితులు, పాత సహోద్యోగులు వంతులవారీగా తోడున్న సందర్భాలు ఉన్నాయి. ఆ ఏర్పాటు కుదర్చడానికే మాలో సామాజిక కార్యకర్తలు పనిచేస్తారు. అలాగే కుంగుబాటుకు మాత్రలు వాడుతున్నారని భయపడకండి. ఊపిరాడని మనిషి కుంగిపోవడంలో వింతేముంది? చికిత్సతో అదుపులో ఉంటే అది అడ్డంకి కాదు.

పొగ విషయంలో చాలా కేంద్రాలు కనీసం ఆరు నెలల విరామం అడుగుతాయి, వేపింగ్‌కు కూడా అదే వర్తిస్తుంది. మాట మీద వదిలేయకుండా రక్తంలోనో మూత్రంలోనో కోటినిన్ (నికోటిన్ శరీరంలో మారి ఏర్పడే పదార్థం) పరీక్ష చేస్తాం. నికోటిన్ ప్యాచ్ వాడుతున్నా కోటినిన్ కనబడుతుంది కనుక ఆ సంగతి ముందే తెలియజేయండి, లేకపోతే నిజం చెప్పిన మనిషి అబద్ధాలకోరు అవుతారు. ఆరు నెలలు నిండేదాకా పంపకుండా ఆగనక్కరలేదు. పరిశీలన సాగుతుండగానే ఆ గడువు నిండుతుంది.

మాట ఎత్తడానికి నోరు రావడం లేదన్నారు. మార్పిడి నిశ్చయమైందని చెప్పనక్కరలేదు. ‘మీ జబ్బుకు ఉన్న మార్గాలన్నీ తెలిసినవారితో ఒకసారి మాట్లాడి రండి’ అంటే చాలు. మిగిలింది మేము చెబుతాం, దాచకుండా చెబుతాం. మార్పిడి తర్వాత మొదటి ఏడాది దాటేవారు పదిమందిలో తొమ్మిదిమందికి దగ్గరగా ఉన్నా, మొత్తం మీద సగంమంది ఆరు, ఏడేళ్లకు మించి జీవించడం లేదు. ఐదేళ్లు గడిచేసరికి దాదాపు సగంమందిలో దీర్ఘకాలిక తిరస్కరణ మొదలవుతుంది. ఈ అంకెలు విన్న తర్వాత వద్దనుకునేవారు ఉంటారు. వారికి ఆయాసం తగ్గించే పాలియేటివ్ చికిత్స ఉంది, జాబితాలో ఉన్నవారికి కూడా అది ఉండాలి.

జవాబు 7 (ఐసీయూ వైద్యురాలు)

ఒక్క సంగతి చేర్చాలనిపించింది. ఆలస్యంగా పంపిన ఫైబ్రోసిస్ రోగులను నేను చివరి దశలో చూస్తాను. జబ్బు ఉధృతమై వెంటిలేటర్ మీదికి వచ్చాక, ‘మార్పిడి కుదురుతుందా’ అని కుటుంబం మొదటిసారి అడుగుతుంది. పరీక్షలన్నీ ముందే పూర్తయి జాబితాలో ఉన్న రోగి అయితే, దాత దొరికేదాకా ఎక్మో (శరీరం బయటే రక్తానికి ఆక్సిజన్ అందించే యంత్రం) మీద, వీలైతే మెలకువగా, మంచం పక్కన నడిపిస్తూ నిలబెట్టే ప్రయత్నం చేస్తాం. ఏ పరీక్షలూ జరగని రోగికి అదే ఎక్మో పెట్టి, స్పృహలో లేని మనిషికి మార్పిడి ఇష్టమో కాదో ఊహించి, క్యాన్సర్ ఉందో లేదో హడావిడిగా వెతకడం దాదాపు అసాధ్యం.

కోవిడ్ వంటి తీవ్రమైన ఇన్ఫెక్షన్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారి విషయం వేరు. అక్కడ తొందర పనికిరాదు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు చూసి, సీటీలో కోలుకోలేని మచ్చలు పడ్డాయని తేలి, ఇతర అవయవాలన్నీ సవ్యంగా ఉంటేనే ఆలోచిస్తారు. వెంటిలేటర్ మీద అంతకాలం ఉండి కూడా సొంత ఊపిరితిత్తులతోనే ఇంటికి వెళ్లినవారు ఉన్నారు.

జవాబు 8 (ప్రశ్న అడిగిన వైద్యుడు)

ఈ రోజు ఐపీఎఫ్ రోగితో మాట్లాడాను. మాత్రలు మానడానికి కారణం విరేచనాలే. మోతాదు తగ్గించి రాశాను. మార్పిడి మాట విని ఆయన కంగారు పడలేదు, ఏడాదిగా తానే అడగాలనుకుంటున్నానని చెప్పారు. సీఓపీడీ రోగిని పునరావాసానికి పంపి, రక్తంలో వాయువుల పరీక్ష చేయించాను. కార్బన్ డయాక్సైడ్ 44 వచ్చింది. ఆయన్ను కూడా పంపుతాను. ఉత్తరంతో పాటు ఏమేమి జతచేయాలో చెప్పగలరా?

జవాబు 9 (పల్మనాలజిస్ట్)

కార్బన్ డయాక్సైడ్ 44 అంటే మామూలు స్థాయే, నిదానంగానే వెళ్లవచ్చు. తాజా రిపోర్టు ఒక్కటే పంపకండి. మొదటి నుంచి ఉన్న స్పైరోమెట్రీలన్నీ తేదీలతో సహా పంపండి, జబ్బు వేగం మాకు వాటిలోనే కనబడుతుంది. సీటీకి సంబంధించి నివేదిక కాగితం చాలదు, అసలు చిత్రాలు సీడీలో కావాలి, పాతవి కూడా ఉంటే మరీ మంచిది. పొగతాగిన చరిత్ర ఉన్నవారి సీటీలో చిన్న గడ్డ ఉంటే, అది ఎప్పటి నుంచి ఉందన్న దాని మీదే నిర్ణయం నెలల తరబడి ఆగిపోవచ్చు. ఇప్పుడు వాడుతున్న మందులు, ముఖ్యంగా ప్రెడ్నిసోలోన్ (స్టెరాయిడ్) వాడి ఉంటే మోతాదు, ఎంతకాలం అన్నవి రాయండి. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, ఛాతీకి ఆపరేషన్ జరిగిందా, క్షయకు మందులు పూర్తిగా వాడారా అన్నవి కూడా.

టీకాలు మీరే మొదలుపెట్టండి. న్యూమోకోకల్, ఇన్‌ఫ్లుయెంజా, హెపటైటిస్ బీ ఇప్పుడే వేయించడం మేలు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలయ్యాక శరీరం వాటికి సరిగా స్పందించదు. సజీవ టీకాలైతే మార్పిడి తర్వాత సాధారణంగా వేయం. పళ్లు కూడా చూపించమనండి. పుచ్చిన పన్ను వల్ల జాబితాలో చేరడం ఆలస్యమైన రోగులు ఉన్నారు. ఐపీఎఫ్ రోగికి మా దగ్గర తేదీ దొరికేలోపు ఆయాసం హఠాత్తుగా పెరిగినా, ఆక్సిజన్ అవసరం కూర్చున్నప్పుడు కూడా మొదలైనా, ఆ తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఫోను చేయండి.